ఒక కథకు కుదిరిన అమరిక మరియొక కథకు కుదురునా?

బుర్రకథ చెప్పువారు ముగ్గురు. నడుమ కథకుడు భుజముపై తంబురను మోపి, చేతి అందెలతో తాళము వేయుచు, ముందుకు వెనుకకు అడుగులు వేయుచు కథ నడపును. ఇరువైపుల ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయించుచు వంత పాడుదురు. పత్తియు మిరపయు పండు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పల్లెలకు ఇది చిరపరిచితమైన కళ. ఈ కళను ఆంధ్రదేశమంతట వ్యాపింపజేసిన షేక్ నాజరు గారు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో జన్మించిరి. 1986లో పద్మశ్రీ పొంది, 1997లో మరణించిరి.

ఇట్టి దళము చెప్పిన కథను రికార్డు చేయుటకు నేడు పెద్ద భవనము అక్కరలేదు. ఒక గది, ఆరు మైకులు, ఒక కంప్యూటరు, రికార్డింగు సాఫ్ట్‌వేరు చాలును. మూడు గొంతులకు మూడు మైకులు, గుమ్మెటలకు రెండు, తంబురకు ఒకటి. ఒక్కొక్క మైకు నుండి వచ్చిన ధ్వని ఒక్కొక్క ట్రాక్‌గా విడివిడిగా నమోదగును. వానినన్నిటిని కలిపి వినసొంపైన ఒకే ధ్వనిగా చేయుటను మిక్సింగు అందురు. గొంతు గుమ్మెటల క్రింద అణగిపోకుండ చూచుట, బొంగురును తగ్గించుట, ఒక వంతను ఎడమకు, మరియొకరిని కుడికి జరుపుట, హెచ్చుతగ్గులను సవరించుట ఇవన్నియు అందులోనివే.

ఒక ట్రాక్‌కు పది అమరికలు చేసినచో ఆరింటికి అరువది అగును. కథ పది భాగములైనచో ఆరువందలు. ప్రతి భాగమునకు మొదటినుండి మీటలు త్రిప్పుచు కూర్చుండుట ఎవరికైనను విసుగే. అంతకన్న పెద్ద చిక్కు మరొకటి కలదు. నాలుగవ భాగములో కథకుని గొంతు ఒక తీరుగను, అయిదవ భాగములో వేరొక తీరుగను వినబడినచో, కథకుడే మారినాడేమోయని శ్రోత శంకించును. కావున ఒకసారి కుదిరిన అమరికలను దాచుకొని తక్కిన భాగములకును వాడుకొనవలెనను కోరిక సహజము.

ఈ కోరిక కంప్యూటరు కంటె పాతది. పూర్వము పెద్ద మిక్సింగు బల్లల ముందు కూర్చున్న ఇంజనీర్లు ప్రతి మీట స్థానమును కాగితముపై గుర్తు వేసికొనుచుండిరి, లేదా ఫోటో తీసికొనుచుండిరి. 1980వ దశకము తొలినాళ్ళలో బ్రిటనుకు చెందిన సాలిడ్ స్టేట్ లాజిక్ సంస్థ బల్లలు మీటల స్థానములను కంప్యూటరులో దాచుకొన నేర్చినవి. అయినను అవి తమంతట తాము పూర్వస్థానమునకు తిరుగవు. తెరపై చూచుచు మనిషియే చేతితో త్రిప్పవలసి యుండెను. నేడు మీట అనునది తెరపై బొమ్మ మాత్రమే, దాని వెనుక ఉన్నది ఒక అంకె. అంకెలను దాచుటయు తిరిగి తెచ్చుటయు క్షణములో పని. రీపర్ అను సాఫ్ట్‌వేరులో ఒక ట్రాక్‌ను దాని అమరికలన్నిటితో కూడ టెంప్లేటుగా దాచవచ్చును. ప్రో టూల్స్‌లో ఒక సెషన్ నుండి అమరికలను మరియొక సెషన్‌లోనికి దిగుమతి చేసికొనవచ్చును. తెలుగులో దీనిని మూస అనుకొందము.

ఇంతవరకు అంతయు సుఖమే. కాని మూసలో దాగియున్నది ఏమి? మొదటి భాగములో మనకు నచ్చిన ధ్వని అందులో లేదు. ఆ ధ్వనిని రప్పించుటకు చేసిన పనుల పట్టిక మాత్రమే కలదు. సన్నరకము మిరపకాయలతో కుదిరిన పచ్చడి కొలతను అట్లే ఉంచి, తేజ కాయలు వేసినచో ఏమగునో గుంటూరు వారికి వేరుగ చెప్పనక్కరలేదు. కొలత మారలేదు, కారము మారినది.

అయితే మూసలోని పనులన్నియు ఒక్క తీరుగ చెడవు. ఈ భేదమే తెలిసికొనదగినది. ధ్వనిని ఎడమకో కుడికో జరుపుట, ఈక్వలైజరుతో కొన్ని పౌనఃపున్యములను పెంచుట లేక తగ్గించుట, ప్రతిధ్వని చేర్చుట ఇవి రేఖీయమైన పనులు. లోనికి వచ్చు ధ్వని 6 డెసిబెల్ తగ్గినచో వెలుపలికి వచ్చునదియు 6 డెసిబెల్ తగ్గును. దాని రూపము మారదు. కంప్రెసరు అట్లు కాదు. అది ఒక హద్దును పెట్టుకొని, ఆ హద్దు దాటిన ధ్వనిని మాత్రమే అణచును.

ఒక లెక్క చూతము. డిజిటల్ రికార్డింగులో 0 డెసిబెల్ పైకప్పు వంటిది, తక్కిన మట్టములన్నియు దానికి దిగువన ఋణసంఖ్యలుగా ఉండును. కంప్రెసరు హద్దు -18 డెసిబెల్, నిష్పత్తి 4:1 అనుకొందము. అనగా హద్దు దాటిన ప్రతి 4 డెసిబెల్‌లకు 1 మాత్రమే వెలుపలికి వచ్చును. మొదటి భాగములో కథకుని గొంతు -10 వరకు లేచినది. హద్దు దాటినది 8, మిగిలినది 2, అణగినది 6. చెవికి హాయిగా ఉన్నది. రెండవ భాగములో గొంతు -16 వరకే లేచినది. దాటినది 2, మిగిలినది అర. అణగినది ఒకటిన్నర మాత్రమే. మూడవ భాగములో -4 వరకు లేచినది. దాటినది 14, మిగిలినది మూడున్నర, అణగినది పదిన్నర! ఒకే గొంతు, ఒకే మూస. ఒకచోట కంప్రెసరు ఉన్నట్లే లేదు. మరొకచోట వీరరసములో గొంతు లేవవలసిన తావున ఎవరో నొక్కిపట్టినట్లు ఉండును.

ఇంత భేదము ఎక్కడనుండి వచ్చును? మైకుకు అడుగు దూరములో నిలిచినవాడు రెండడుగుల దూరమునకు జరిగినచో, గొంతు నుండి నేరుగా మైకుకు చేరు ధ్వని సుమారు 6 డెసిబెల్ తగ్గును. బుర్రకథకుడు కుదురుగా నిలిచి చెప్పువాడు కాడు గదా! ఒక పూటకును మరియొక పూటకును మైకు ఒక్క అడుగు జరిగినను పై లెక్క తప్పదు.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. మూసను తగిలించుటకు ముందే, కంప్రెసరుకు పూర్వస్థానములో ఉన్న గెయిన్ మీటతో ప్రతి భాగములోని గొంతును ఒకే మట్టమునకు తేవలెను. అయితే ఆ మట్టమును శిఖరములను చూచి కొలువరాదు. గొంతు మైకులోనికి చొరబడిన ఒక్క గుమ్మెట దెబ్బ శిఖరమును పెంచి మోసగించును. చెవికి తోచు బిగ్గరతనమును కొంతకాలముపై సగటుగా కొలుచు పద్ధతిని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 2006లో ప్రమాణముగా వెలువరించినది. దాని కొలత పేరు లఫ్స్. ఈ కొలమాని నేటి సాఫ్ట్‌వేరులలో పెక్కింటితో దొరకును. ధ్వని సమమైన పిదప మూస తన పని తాను చేయును.

గెయిన్ సరిచేయలేనివి కొన్ని కలవు. గొంతును 6 డెసిబెల్ పెంచినచో వెనుకనున్న పంకా రొదయు అంతే పెరుగును. మొదటి భాగములో రొదను ఆపిన నాయిస్ గేటు హద్దు ఇప్పుడు దానిని ఆపకపోవచ్చును. గది మారినచో చిక్కు ఇంకను పెద్దది. ఎదురెదురు గోడల నడుమ 3 మీటర్లున్న గది సుమారు 57 హెర్ట్‌జ్ వద్దను, దానికి రెట్టింపైన 115 వద్దను మ్రోగును. పురుషుల గొంతు అడుగు శ్రుతి తరచు అచ్చటనే ఉండును. అందుచే అచ్చట కోత పెట్టియుందురు. గోడల నడుమ 4 మీటర్లున్న గదిలో ఆ తావులు 43, 86. పాత కోతను ఇచ్చట వాడినచో మ్రోగునది తగ్గదు, గొంతులోని నిండుతనము మాత్రము పోవును. గోడలకు పత్తి పరుపులు ఆనించిన చాలునని కొందరనుకొందురు. అవి పై పౌనఃపున్యములను బాగుగనే పీల్చును. కాని 100 హెర్ట్‌జ్ తరంగము పొడవు సుమారు మూడున్నర మీటర్లు. నాలుగంగుళముల పరుపు దానికి అడ్డు కాదు.

వాద్యముల సంగతియు అంతే. డప్పు వాయించువారు ముందుగా సెగ చూపి తోలును బిగింతురు. తేమ తగిలినచో అది వదులగును, శ్రుతి దిగును. వేసవిలో బిగువైన తోలుకు అమర్చిన ఈక్వలైజరు వానకాలములో వేరొక తావును కోయును. కాబట్టి మూసను దాచునప్పుడు దానితోపాటు మైకు రకము, నోటికి మైకుకు గల దూరము, గది, గొంతును నిలిపిన లఫ్స్ మట్టము వ్రాసియుంచుట మేలు. ఆ నాలుగు మాటలు లేని మూస పేరులేని మందుసీసా వంటిది.

ఇంకొక సంగతి కొత్తవారిని తికమకపెట్టును. మూస నుండి పుట్టిన ట్రాక్ సాధారణముగా దాని నకలే గాని దానికి కట్టుబడినది కాదు. ఎనిమిదవ భాగము చేయుచు మూసను దిద్దినచో, ముగిసిన ఏడు భాగములలో ఏమియు మారదు. వానిని తెరచి మరల తగిలింపవలసినదే.

వృద్ధ కళాకారుల కథలను భద్రపరచువారికి ఇందులో మరియొక జాగ్రత్త ఉన్నది. సాఫ్ట్‌వేరు మూల ధ్వనిని మార్చక, వినిపించునప్పుడు మాత్రమే అమరికలను వర్తింపజేయును. కావున మూస కుదరకపోయినను నష్టము లేదు, తీసివేయవచ్చును. కాని మిక్సింగు ముగిసిన ధ్వనినొక్కదానినే దాచి, స్థలము చాలదని ఆరు ట్రాక్‌లను చెరిపివేసినచో, అణగిన గొంతును తిరిగి లేపుట ఎవరి తరము కాదు. ప్లగిన్ లేని కంప్యూటరులో దాని అమరికలు పనిచేయవు గనుక ప్రాజెక్టు ఫైలును మాత్రమే నమ్ముటయు చాలదు. ఆరు ట్రాక్‌లను ఏ సవరణయు లేని వేవ్ ఫైళ్ళుగా, అన్నియు ఒకే క్షణమున మొదలగునట్లు ఒకచోట, వానితో ముగింపు మిశ్రమమును మరొకచోట, రెండు డిస్కులపై ఉంచవలెను.