పే చానళ్లు ఫోన్లకు వచ్చె, పింఛను పైలం!

మొన్న బ్యాంకు పుస్తకం ఎంట్రీ చేయిస్తే నా కళ్లు తిరిగినయి. మూడు నెలల నుండి ఒక యాప్‌కు నా పింఛను పైసలు కోతపడుతున్నయి. మనవడు ఒక్క నెలకే అని తీసుకున్నడు. ఆటోపే బంద్ చేయలేదు.

వెనుకట చంద్రపూర్‌లో తెలుగు చానల్ కోసం కేబుల్ వాలాను బతిమాలుకున్నం. 2019లో ట్రాయ్ కొత్త నియమం వచ్చినంక పే చానల్‌కు విడిగా కట్టుడు మొదలైంది. ఇప్పుడు జెమిని సన్ నెక్స్ట్‌లో, స్టార్ మా జియోహాట్‌స్టార్‌లో దొరుకుతున్నయి. మంచిదే.

కానీ కట్టినచోటనే అన్నీ ఉంటయనుకోవద్దు. మనవడు చూసే హెచ్‌బీఓ ఇంగ్లీషు సీరియళ్లనే చూడండి. ఆ చానల్ మన దేశంలో 2020 డిసెంబర్‌లో బందయింది. సీరియళ్లు హాట్‌స్టార్‌లో ఉండె. 2023 మార్చి 31తో అక్కడ పోయినయి, తర్వాత జియోసినిమాకు మారినయి. 2025 ఫిబ్రవరిలో ఆ రెండు యాప్‌లు కలిసి జియోహాట్‌స్టార్ అయినయి. మనం కట్టేది కిరాయి, సొంతం కాదు.

పీఎఫ్ కనీస పింఛను 2014 నుండి నెలకు 1000 రూపాయలే. అందుకే ముందు ఒక్క నెలకే తీసుకోండి. అదేరోజు పిల్లలతో ఆటోపే తీసేయించండి. రీఛార్జిలోనే యాప్ వస్తదేమో దుకాణంలో అడగండి. చూడొద్దని అనను, తెలుగు మాట వినబడితేనే ఇల్లు ఇల్లు లెక్కుంటది.