పాత విత్తనము మొలకెత్తునా?

హోసూరు, కృష్ణగిరి, కోలారు ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబములకు రాగి ముఖ్యమైన పంట. కరవు కాలమునకై రాగులను నేలలోని పాతరలో దాచుట ఆ సీమలందు పూర్వాచారము. కన్నడిగులు దానినే హగేవు అందురు. గట్టినేలలో మూతి సన్నముగను లోపల వెడల్పుగను గుంతను త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పరచి, ధాన్యము నింపి, మూతిని బండతోను మట్టితోను మూయుచుండిరి. ఏండ్లు గడచిన పిమ్మట తీసినను ఆ రాగులు సంగటికి పనికివచ్చెడివి. విత్తనమునకు మాత్రము పనికిరాకుండెడివి. తినుటకు చెడని గింజ విత్తుటకు ఏల చెడును? ఇది తెలిసినచో, అటకమీది కుండలో మిగిలిన పాత విత్తనము సంగతియు తెలియును.

గింజలో పిండి వేరు, మొలకకు మూలమైన అంకురము వేరు. అంకురము జీవముగలది, మందముగా శ్వాసించుచునే యుండును. పాతర మూసిన పిదప గింజలును పురుగులును లోపలి ప్రాణవాయువును పీల్చివేయగా బొగ్గుపులుసు వాయువు నిండును. పురుగులు చచ్చును, ధాన్యము దక్కును. పాతర తెరచిన వెంటనే లోనికి దిగరాదని పెద్దలు కట్టడి చేయుటకు కారణమిదియే. ఆ గాలికి ప్రాణములు కోల్పోయినవారును కలరు. అయితే నేలచెమ్మ, వెచ్చదనము, గాలిలేమి కలిసి అంకురమును గూడ చంపును. పిండి నిలుచును. అందువలననే తెలిసిన ఇల్లాండ్రు మంచి వెన్నులను ఏరి, ఎండబెట్టి, బూడిదయో వేపాకో కలిపి, విత్తనపు రాగులను కుండలో వేరుగా దాచిరి. ఏ శాస్త్రగ్రంథమును చదువకయే వారీ భేదమును గ్రహించిరి.

విత్తనపు ఆయువునకు ప్రధాన శత్రువులు తేమ, వేడిమి. గింజలోని తేమ నూటికి 1 వంతు తగ్గినపుడెల్ల ఆయువు ఇంచుమించు రెట్టింపగుననియు, నిలువచోట వేడిమి 5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గినపుడెల్ల మరల రెట్టింపగుననియు అమెరికా దేశపు విత్తనశాస్త్రజ్ఞుడు హారింగ్టను సూత్రీకరించెను. తేమ నూటికి 5 మొదలు 14 వరకు ఉన్నపుడే ఈ స్థూలమైన లెక్క వర్తించును. 1972లో నెలకొల్పబడిన పటాన్‌చెరువు ఇక్రిశాట్ సంస్థవారు తమ విత్తన భాండారములో విత్తనములను బాగుగ ఆరబెట్టి, దీర్ఘకాలపు నిలువకు సున్నకు దిగువ 20 డిగ్రీల చలిలో ఉంచుటయు ఇందులకే.

జాతిభేదమును కలదు. వేరుసెనగ, ఉల్లి విత్తనములు సాధారణపు నిలువలో త్వరగా క్షీణించును. మామిడి టెంక, పనసగింజ పూర్తిగా ఎండిన చచ్చును. తామరగింజకు గట్టి పెంకు రక్షణ. చైనాలో సుమారు 1300 ఏండ్లనాటి తామరగింజ మొలచినట్లు 1995లో ప్రకటింపబడెను. ఈ వార్త విని ఇంటి కుండలోని రాగియు అట్లే మొలచునని ఆశపడుట తగదు.

నిగనిగలాడు గింజయెల్ల బ్రతికియున్నట్లు కాదు. 100 గింజలను లెక్కించి, తడిగుడ్డలో పరచి చుట్టి, నీడను ఉంచి, తడి ఆరనీయక, ఎనిమిదవ దినమున సరియైన మొలకలను లెక్కింపవలెను. ధ్రువీకరించిన రాగి విత్తనమునకు ప్రభుత్వము విధించిన కనీస ప్రమాణము నూటికి 75. సగమే మొలచినచో ఒకటిన్నర రెట్లు విత్తుట కొందరి పద్ధతి. కాని సగము చచ్చిన రాశిలో మిగిలిన సగమును నీరసించియే యుండును. తడిగుడ్డలో మొలచినట్లు పొలమున మొలవదు.

నూటికి ఐదారు మాత్రమే మొలచినచో అది పొలమునకు విత్తనము కాదు. అయినను వేరెచ్చటను దొరకని ఇంటి రకమైనచో పారవేయరాదు. ఉన్న గింజలన్నియు మెత్తని మట్టిలో నారు పోసి, బ్రతికిన మొక్కలను ఎడముగా నాటవలెను. బాగుగ పండిన వెన్ను ఒక్కదానిలో వేయికి పైగా గింజలుండును. రాగి చాలవరకు తన పుప్పొడితోనే ఫలించును గనుక రకము అంత సులభముగా మారదు. పది మొక్కలు దక్కినను రెండు పంటలలో ఎకరమునకు చాలు విత్తనము చేకూరును. ఆ కొత్త గింజలను బాగుగ ఎండబెట్టి కుండకెత్తునపుడు, పంట పేరును, పండిన యేడును వ్రాసిన చీటిని లోపల వేసి, రెండు మూడేండ్లకొకసారియైనను కొంత విత్తి కొత్తది తీసికొనుట మంచిది.