తండ్రి బోనస్ కొడుక్కి వస్తుందా?

ఒక ఇంట్లో తండ్రి పేరున కారు ఉంది. కొడుక్కి లైసెన్సు వచ్చి ఐదేళ్లు దాటింది. ఈ ఐదేళ్లూ ఆ కారును ఎక్కువగా నడిపింది కొడుకే. బండికి చిన్న గీత కూడా పడనియ్యలేదు. ఇప్పుడు అతనికి వేరే ఊళ్లో పని దొరికింది. సొంతానికి ఒక పాత కారు కొన్నాడు. ఇన్సూరెన్సు కట్టడానికి ఏజెంటు దగ్గరికి వెళ్లాడు.

"మా నాన్న కాగితంలో 50 శాతం తగ్గింపు ఉందండీ. బండి నడిపింది నేనే. నాకూ అంతే తగ్గించండి" అన్నాడు.

"అది మీ నాన్నగారిది బాబూ. నీకు సున్నా నుంచే మొదలు" అన్నాడు ఏజెంటు.

కొడుక్కి కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం లేకపోలేదు. కాని ఏజెంటు చెప్పింది నిజమే. ఎందుకో చూద్దాం.

బండి ఇన్సూరెన్సులో రెండు భాగాలు ఉంటాయి. మన బండి వల్ల ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే వాళ్లకు ఇచ్చేది ఒకటి. దీన్ని థర్డ్ పార్టీ అంటారు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది తప్పకుండా కట్టాలి. ఇందులో తగ్గింపు ఉండదు. రెండోది మన బండికి జరిగే నష్టానికి. గుద్దుకున్నా, దొంగలు ఎత్తుకుపోయినా, వరదలో మునిగినా ఇది పనికొస్తుంది. దీన్ని ఓన్ డ్యామేజి అంటారు. తగ్గింపు దీని మీదే.

ఈ తగ్గింపు పేరు నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ అంటే "నష్టం జరిగింది, డబ్బు ఇవ్వండి" అని కంపెనీని అడగడం. ఏడాది పాటు అలా అడగకపోతే మరుసటి ఏడు 20 శాతం తగ్గిస్తారు. రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50 శాతం. అంతకు మించి తగ్గదు. బోనస్ అన్నారు కదా అని పండక్కి ఇచ్చినట్టు డబ్బు చేతికివ్వరు. మనం కట్టేదాంట్లో తగ్గిస్తారు, అంతే.

మన దేశంలో ఇన్సూరెన్సు బండి యజమాని పేరున ఉంటుంది. లైసెన్సు ఉండి, యజమాని ఒప్పుకుంటే ఇంట్లో ఎవరైనా ఆ బండి నడపవచ్చు. ఎవరు ఎన్నాళ్లు నడిపారో కంపెనీ రాసుకోదు. అందుకని మంచిపేరంతా తండ్రి ఖాతాలోకే పోయింది.

"అయితే నాన్న బోనస్ నా కారుకు వాడుకుంటాను" అంటే కుదరదు. కొత్త కారు తండ్రి పేరున కొన్నా సరే, ఒక బోనస్ ఒక బండికే. తన కారుకు వాడుకుంటున్న తండ్రి రెండో కారుకు దాన్ని చూపించకూడదు. అబద్ధం రాసిస్తే తర్వాత క్లెయిమ్ అడిగినప్పుడు కంపెనీ డబ్బు ఆపేయవచ్చు.

తండ్రి చనిపోయి ఆ కారు కొడుకు చేతికి వస్తే మాత్రం బోనస్ కూడా వస్తుంది. భార్యకైనా అంతే. ఇంట్లో మాట్లాడుకోడానికి బాగుండదు గాని, తెలిసి ఉండాలి.

మరి పాత కారు అమ్మినవాడి బోనస్? అదీ రాదు. అమ్మినవాడు తన కంపెనీ దగ్గర ఉత్తరం రాయించుకుని, మూడేళ్ల లోపల తాను కొనే ఇంకో కారుకు వాడుకుంటాడు. "కాగితాలు పాత ఓనరు పేరునే ఉంచు, తగ్గింపు పోదు" అని కొందరు బ్రోకర్లు చెబుతారు. ఆ మాట వినకూడదు. రేపు కారు దెబ్బతింటే, "ఈ కాగితంలో నీ పేరు లేదు" అని కంపెనీ అనవచ్చు. కొన్న 14 రోజుల్లో పేరు మార్చమని కంపెనీకి రాసివ్వాలి. పాత బోనస్ తాలూకు తేడా డబ్బు కట్టాలి.

బోనస్ వచ్చాక నిలుపుకోవడం ఎలా? ఇక్కడ లెక్క తెలియాలి. ఓన్ డ్యామేజి కింద 8,000 రూపాయలు కట్టాలి అనుకోండి. 50 శాతం బోనస్ ఉంటే 4,000 చాలు. తలుపుకు సొట్ట పడింది. బాగుచేయడానికి 3,000 అవుతుంది. క్లెయిమ్ చేస్తే బోనస్ మొత్తం పోతుంది. మరుసటి ఏడు 8,000 కట్టాలి. ఆ తర్వాత వరసగా 6,400, 6,000, 5,200, 4,400. ఆరో ఏడు గాని మళ్లీ 4,000కు రాదు. ఐదేళ్లలో ఎక్కువ కట్టింది కూడితే 10,000 రూపాయలు! ఏటా రేటు కొంచెం మారుతుంది గాని లెక్క ఇలాగే ఉంటుంది. కాబట్టి చిన్న సొట్టలకు చేతి డబ్బు పెట్టుకోవడమే లాభం. పెద్ద నష్టమైతే క్లెయిమ్ అడగాల్సిందే. ఇన్సూరెన్సు కట్టేది అందుకే కదా.

పాలసీ కాగితంలో నో క్లెయిమ్ బోనస్ అనే వరస ఉంటుంది. ఇంగ్లీషులో ఉన్నా ఆ అంకె చదవవచ్చు. ఏజెంటు చెప్పిన శాతమూ అదీ ఒకటేనా చూసుకోండి. గడువు తేదీ కూడా అందులోనే ఉంటుంది. ఆ తేదీ దాటి 90 రోజుల లోపల మళ్లీ కట్టకపోతే బోనస్ పోతుంది. గడువు దాటి కట్టేదాకా బండికి ఇన్సూరెన్సు ఉండదు. 90 రోజులు బోనస్‌కే గాని, బండి రోడ్డెక్కడానికి కాదు.