ఊయల ఆగితే ఏడుపే

నాట్ల రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికే లేవాల్సిన కూలితల్లి రాత్రి పదకొండు దాకా చీర ఊయల ఊపుతూ కూర్చుంటోంది. ఊపులో నిద్రపోయిన ఏడాదిన్నర బిడ్డ నడిరేయి మెలకువ వస్తే మళ్లీ ఆ ఊపే కోరతాడు. ఈ వయసుకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

అలాగని గుక్కపెట్టి ఏడుస్తుంటే వదిలేయనక్కర్లేదు. రోజూ ఒకే వేళకు అన్నం పెట్టి, లైటు తగ్గించి, కళ్లు మూతలు పడుతుండగానే చాపపై పడుకోబెట్టాలి. పక్కనే కూర్చుని వీపు నిమరాలి. ఏడిస్తే ఎత్తుకోకుండా మళ్లీ నిమరాలి. అలవాటయ్యే కొద్దీ నాలుగు రోజులకోసారి మూరెడు దూరం జరగాలి.

చిక్కల్లా నాయనమ్మతోనే. మొదటి ఏడుపుకే ఆమె చెయ్యి ఊయల తాడు మీదికి వెళుతుంది. ముందుగా ఆమెను ఒప్పించుకోవాలి.