తీరుబడిగా ఒక ఆదివారం: ఉత్తర కలకత్తా పాత ఇళ్ళలో

ప్రభుత్వరంగ సంస్థలో ఉద్యోగం చేసేవారికి బదిలీ కొత్త కాదు. ఒక ఊరిలో మూడేళ్ళో, అయిదేళ్ళో పని చేస్తాము. క్వార్టరు తాళంచెవులు అప్పగించి మరొక ఊరికి సామాను కట్టుకుంటాము. వెనుదిరిగి చూసుకుంటే ఆ ఊరిలో మనకు తెలిసినవి కార్యాలయం, కూరగాయల బజారు, పిల్లల బడి, రైల్వే స్టేషను మాత్రమే. కలకత్తాలో మా మొదటి రెండేళ్ళూ అలాగే గడిచినవి.

ఉత్తర కలకత్తాలోని చారిత్రక గృహాలను చూడాలని మేము చేసిన మొదటి ప్రయత్నం అచ్చంగా ఇంజనీర్ల పద్ధతిలో సాగినది. గళ్ళ కాగితం మీద కాలపట్టిక గీసి, ఒక్క రోజులో ఏడు చోట్లు, చోటుకు నలభై నిమిషాలు అని నిర్ణయించుకున్నాము. నాలుగవ ఇంటికి చేరేసరికి ఇంటిని మాని గడియారాన్ని చూస్తున్నాము. రాత్రి భోజనాల వేళ మా అమ్మాయి, "రంగుటద్దాల కిటికీలు ఉన్నది ఏ ఇంట్లో?" అని అడిగితే ఎవరమూ చెప్పలేకపోయాము.

2019 డిసెంబరులో మా అమ్మగారు మా వద్ద నెల రోజులు గడపడానికి వచ్చారు. ఎనభై దాటిన వయస్సు, మోకాళ్ళ నొప్పులు. నాలుగు మెట్లెక్కితే కూర్చోవలసినదే. ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళాలంటే పాత కాలపట్టిక పనికిరాదు. ఈసారి ప్రణాళిక ఆమె నడకను బట్టి తయారైనది. ఆ ఆదివారం ఎలా గడచినదో సహోద్యోగులతో పంచుకొనడమే ఈ వ్యాస ఉద్దేశం.

ముందుగా చేసుకొనవలసిన ఏర్పాట్లు

ఒక్కటే పేట, మూడే ఇళ్ళు. ఇది మొదటి నియమం. గిరీశ్ పార్కు మెట్రో స్టేషనును కేంద్రంగా తీసుకుంటే జోడాసాంకోలోని ఠాగూర్ల ఇల్లు, ముక్తారాం బాబు వీధిలోని మార్బుల్ ప్యాలెస్, గౌర్‌మోహన్ ముఖర్జీ వీధిలోని స్వామి వివేకానందుల జన్మగృహం మూడూ దగ్గర దగ్గరలోనే ఉన్నవి. ఆరోగ్యవంతులు నడిచి తిరగవచ్చును. మేము మాత్రం రోజంతటికీ ఒక పసుపుపచ్చ టాక్సీ మాట్లాడుకున్నాము. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

రెండవది సెలవులు. ఇటువంటి ప్రదర్శనశాలలకు సాధారణంగా సోమవారం సెలవు. మార్బుల్ ప్యాలెస్ నేటికీ ఒక కుటుంబం నివసించే సొంత ఇల్లు కనుక, పర్యాటక శాఖ కార్యాలయంలో ముందే అనుమతి పత్రం తీసుకొనడం ఆనవాయితీ. ఆ పని శుక్రవారంలోగా ముగించుకోవాలి. నియమాలు, వేళలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు ఒకసారి విచారించుకొనడం మంచిది.

మూడవది భోజనం. మా శ్రీమతి పులిహోర, పెరుగన్నం కట్టినది. ఒక ఫ్లాస్కు కాఫీ, అమ్మగారికి మడతకుర్చీ. ఆ రోజు మాకు అన్నింటికంటె ఎక్కువగా ఉపయోగపడినది ఆ మడతకుర్చీయే.

జోడాసాంకో: విద్యాలయమైన ఇల్లు

1784లో నీలమణి ఠాగూర్ కట్టించిన ఇల్లు ఇది. 1861లో రవీంద్రనాథ్ ఠాగూర్ జన్మించినదీ, 1941 ఆగస్టు 7న కన్నుమూసినదీ ఈ ఇంటనే. ఎర్రని గోడలు, ఆకుపచ్చని చెక్క రెక్కల కిటికీలు. ఆ రెక్కలను కొద్దిగా తెరిస్తే గాలి వస్తుంది, ఎండ రాదు, వీధిలోని వారికి లోపలి మనుషులు కనిపించరు.

లోపల విశాలమైన నడిమి ముంగిలి, దానికి ఒక పక్క స్తంభాల మండపం. దానిని బెంగాలీలు ఠాకూర్ దాలాన్ అంటారు. పెద్ద ఇళ్ళలో దుర్గాపూజ జరిగే చోటు అది. రవీంద్రుని తండ్రి దేవేంద్రనాథులు బ్రహ్మసమాజ మార్గం పట్టిన తరువాత ఈ ఇంటి తీరే మారినది. ప్రార్థనలు, సంగీతం, నాటకాలు ఇంటి దినచర్యలో భాగమైనవి. 1881లో 'వాల్మీకి ప్రతిభ' సంగీత రూపకాన్ని ఈ ఇంటనే ప్రదర్శించినపుడు ఇరవై ఏళ్ళయినా నిండని రవీంద్రుడు వాల్మీకి వేషం ధరించాడు. అదే సంవత్సరం డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించారు. బ్రహ్మసమాజ భావాల గాలి కలకత్తా నుండి గోదావరి గట్టు దాకా వీచిన కాలమది.

1962లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పడినది. వంశం చేతిలో నుండి దాటిపోయినా ఇల్లు విద్యార్థుల గొంతులతో నిండి ఉన్నది. అమ్మగారు ముంగిలి అంచున కుర్చీ వేయించుకొని అరగంట సేపు కదలలేదు. "మన మండువా లాగే లేదూ? వాన పడితే నీళ్ళు ఇటే పోతాయి కాబోలు" అన్నారు. నిలబడి చూస్తున్న మాకు ముంగిలి నేల వాలు అంతవరకు కంటబడలేదు.

మార్బుల్ ప్యాలెస్: కుటుంబం నిలుపుకున్న ఇల్లు

1835లో రాజా రాజేంద్ర మల్లిక్ అనే సంపన్న వర్తకుడు ఈ భవనాన్ని నిర్మించాడు. రకరకాల చలువరాళ్ళు పరచినందున ఆ పేరు వచ్చినది. నిలువుటద్దాలు, శాండిలియర్లు, గడియారాలు, ఐరోపా చిత్రాలు, శిల్పాలు గదుల నిండా క్రిక్కిరిసి ఉంటాయి. తోటలో పక్షులు, జంతువులు. లోపల ఛాయాచిత్రాలు తీయనివ్వరు. ఆ నియమం మాకు మేలే చేసినది, అందరమూ కళ్ళతో చూశాము.

ఇక్కడ ఎక్కువ సేపు ఉండలేదు. ఒక్క విషయం మాత్రం మనస్సుకు హత్తుకున్నది. 1866 నాటి ఒడిశా కరువులో దిక్కులేక నగరానికి వచ్చినవారికి రాజేంద్ర మల్లిక్ అన్నం పెట్టించాడు. ఇంత అలంకారం చూచిన తరువాత అమ్మగారు గుర్తు పెట్టుకున్నది ఆ అన్నం సంగతే.

గిరీశ్ పార్కు చెట్ల నీడన భోజనం చేసి, గంటసేపు ఊరికే కూర్చున్నాము. ప్రణాళికలో ఆ గంటకు కూడా చోటు ఉంచాము.

వివేకానందుల ఇల్లు: తిరిగి నిలబడిన ఇల్లు

1863 జనవరి 12న నరేంద్రనాథ దత్తుడు జన్మించిన ఇల్లు ఇది. 1884లో తండ్రి మరణించగానే ఆస్తి విషయమై బంధువులతో తగాదా వచ్చినది. ప్రపంచానికి వేదాంతం వినిపించిన స్వామిని కూడా ఆ తగాదా చివరిదాకా వదలలేదు. 1902 జూలై 4న ఆయన దేహం చాలించడానికి కొద్ది రోజుల ముందు గాని అది సమసిపోలేదు.

తరువాతి కాలంలో ఇల్లు చిన్న చిన్న వాటాలుగా చీలి, అద్దెకున్న కుటుంబాలతో, చేతిపనుల దుకాణాలతో నిండి శిథిలమైనది. రామకృష్ణ మిషన్ వారు ఏళ్ళ తరబడి ఓర్పుతో అక్కడివారికి వేరే నివాసాలు చూపించి, ఇంటిని బాగుచేయించి, 2004లో ప్రజలకు తెరిచారు.

కలకత్తా పాత ఇళ్ళ గోడలు సున్నం, ఇటుకపొడి కలిపిన గచ్చుతో కట్టినవి. పైకప్పుకు పెద్ద దూలాలు, వాటిపై దగ్గరదగ్గరగా వాసాలు, ఆ పైన దిమ్మిస చేసిన సున్నపు గచ్చు. సున్నపు గోడ తేమను పీల్చుకుంటుంది, వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కి ఇటుకను తినివేస్తుంది. చెడిన దూలాన్ని మాత్రం తీసి మరొకటి అమర్చవచ్చును, ఇల్లంతా కూల్చనక్కరలేదు. ఇదంతా మేము అమ్మాయికి వివరిస్తున్నాము.

అమ్మగారు విని, నెమ్మదిగా, "మరి మన ఇల్లు నిలబడదన్నావు కదరా?" అన్నారు.

కోనసీమలో మా తాతగారు కట్టించిన మండువా లోగిలిని మా అన్నదమ్ములము ముగ్గురము 2003లో పడగొట్టించాము. పంపకాలు తెమలలేదు, ఉండేవారు లేరు. దూలాలకు చెద పట్టినదని, మరమ్మతు లాభసాటి కాదని అంచనా వేసి కాగితం మీద వ్రాసి ఇచ్చినది ఇంజనీర్లమైన మేమే. నిజానికి చెద పట్టినవి నాలుగు దూలాలు. మిగిలిన కలప మంచి ధరకే అమ్ముడుపోయినది. ఆ మరుసటి సంవత్సరమే ఈ ఇల్లు తలుపులు తెరచుకున్నది.

అమ్మగారికి మేము సమాధానం చెప్పలేదు. ఆమె కూడా మళ్ళీ అడగలేదు.

మిగిలిన ఆదివారాలు

ఆ తరువాతి మూడు ఆదివారాలు ఎక్కడికీ వెళ్ళలేదు. అమ్మగారు చెబుతూ ఉంటే గళ్ళ కాగితం మీద మా ఊరి ఇంటి నక్షా గీశాము. తిరగలి ఎక్కడ ఉండేదో, పురిటిగది కిటికీ ఎటు తెరుచుకొనేదో, అరుగు మీద తాతగారు ఏ స్తంభానికి ఆనుకొనేవారో ఆమెకు అడుగులతో సహా గుర్తున్నది. ఆ నక్షా మా కొలతల ప్రకారం సరిగ్గానే కుదిరినది.

కలకత్తాలో ఉన్నవారు ఈ మూడు ఇళ్ళూ తప్పక చూడగలరు. విశాఖలో ఉన్నవారికి విజయనగరంలో గురజాడ అప్పారావుగారి ఇల్లు, గోదావరి ప్రాంతంవారికి రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారి ఇల్లు ఉన్నవి. వీలైతే ఇంట్లోని పెద్దవారిని వెంటబెట్టుకొని వెళ్ళండి, వారి నడకతోనే నడవండి. సొంత ఊరిలో పాత ఇల్లు ఇంకా నిలిచి ఉన్నవారికి మరొక మనవి. పడగొట్టాలని నిర్ణయించే ముందు సున్నపు పని తెలిసిన మేస్త్రీని ఒకసారి పిలిచి చూపించండి. ఎన్ని దూలాలు చెడినవో, ఎన్ని బాగున్నవో రెండూ లెక్క వేయండి.