మరణాసన్నుల పరిచర్య – ఇస్లామీయ నియమాలు: పామిడి ప్రాంత నేపథ్యం

పెన్నా ఒడ్డున పామిడి ఉన్న అనంతపురం సీమలో ఉర్దూ మాట్లాడే ముస్లింలతోపాటు తెలుగు మాతృభాషగా గల దూదేకులవారూ ఉన్నారు. అనంతపురంలో అధ్యాపకులుగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు ఖుర్‌ఆన్‌ను తెనిగించారు. మరణాసన్నుల పరిచర్యకు సంబంధించిన నియమాలను ఈ భాషా నేపథ్యంలో పరిశీలించవలసి ఉంది.

వృద్ధులైన తల్లిదండ్రుల ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనరాదని ఖుర్‌ఆన్ (17:23) ఆదేశిస్తుంది. దీర్ఘకాలం సేవచేసి అలసిన కుటుంబానికి ఇది కఠినమైన నియమం. అంత్యఘడియల్లో కలిమాను మృదువుగా వినిపించడాన్ని ‘తల్‌ఖీన్’ అంటారు. అనమని ఒత్తిడి చేయరాదు. బాధలో ఉన్నవారు విసిగి నిరాకరిస్తారేమోనన్నది ధర్మవేత్తల ఆందోళన. ఒకసారి పలికినవారు మరో మాట మాట్లాడితేనే తిరిగి గుర్తుచేయాలి. కలిమా అరబీలోనే ఉంటుంది. ఓదార్పు మాత్రం రోగికి తెలిసిన భాషలోనే సాగాలి. పెదవులను నీటితో తడుపుతారు. వీలైతే ఖిబ్లా వైపు, అంటే ఇక్కడ పడమటికి, తిప్పుతారు, కష్టమైతే కదపరు. యాసీన్ సూరా పఠనం విస్తృతాచారమే అయినా, దానికి ఆధారమైన హదీసు ప్రామాణ్యంపై పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి.

అప్పులు, అమానతులు వెల్లడించడం రోగి బాధ్యత. వారసులు కానివారికి చేసే వసీయతు ఆస్తిలో మూడోవంతు మించరాదు. పంపకానికి ముందే అప్పు తీర్చాలన్న నియమం కరవుసీమ కుటుంబాలకు మరింత బరువైనది. రోగి స్థితిని బట్టి ఆచారాన్ని సడలించడం, అప్పు విషయంలో సడలించకపోవడం ఈ నియమాల ప్రత్యేకత.