బాలన్యాయ చట్టములందు 'బాలిక' : ఒక పదవిచారము

చట్టమునందు నిర్వచనము కేవలము అర్థవివరణము కాదు. ఎవరిని ఏ న్యాయస్థానము విచారింపవలెనో, ఏ గృహమునకు పంపవలెనో అదియే నిర్ణయించును. చిన్నవయస్సున నేరారోపణకు గురియైన ఆడపిల్లల విషయమున ఈ సత్యము మిక్కిలి స్పష్టముగా గోచరించును.

1897 నాటి సంస్కరణ పాఠశాలల చట్టము యువనేరస్థుని నిర్వచించుచు, శిక్షపడిన పదునైదేండ్లలోపు 'బాలుడు' అనియే చెప్పినది. బాలిక ఆ నిర్వచనములో లేదు. చెరసాలకు బదులు పాఠశాల యను ఆ చట్టపు మేలు ఆమెకు అందలేదు. 1920లో మద్రాసు, 1922లో వంగరాష్ట్రము, 1924లో బొంబాయి బాలల చట్టములను చేసిన పిమ్మట, ఆ రాష్ట్రములందు బాలబాలిక లిరువురును ఒకే చట్టపరిధిలోనికి వచ్చిరి.

కేంద్రపాలిత ప్రాంతములకై 1960లో వెలువడిన బాలల చట్టము బాలునకు 16, బాలికకు 18 ఏండ్ల వయఃపరిమితిని విధించినది. 1986 నాటి బాలన్యాయ చట్టమును ఈ భేదమునే నిలిపినది. 2000 సంవత్సరపు చట్టము ఇరువురకును 18 ఏండ్లనే నిర్ణయించి దానిని తొలగించినది.

బాలికకు అధికముగా లభించిన ఆ రెండేండ్లు అనుగ్రహమేనా? ఒకవంక అవును. 17 ఏండ్ల బాలుడు పెద్దల న్యాయస్థానమునకు పోవలసియుండగా, అదే వయస్సుగల బాలిక పోనక్కరలేదు. వేరొకవంక, అవే చట్టములు ఏ నేరమును చేయని పిల్లలపైగూడ అధికారము నెరపినవి. బిడ్డ తమ యదుపులో లేదని తల్లిదండ్రులే ఫిర్యాదు చేసినచో, విచారణానంతరము ఆమెను గృహమునకు పంపవచ్చును. కావున రక్షణకాలము పెరిగినకొలది నిర్బంధమునకు అవకాశమును పెరిగినది.

ఇట్టి స్థితి భారతదేశమునకే పరిమితము కాదు. 1899లో చికాగోలో బాలల న్యాయస్థానము వెలసిన తరువాత అమెరికాలో ఈ పద్ధతి వ్యాపించినది. ఇల్లు విడిచిపోవుట, పెద్దల మాట వినకుండుట మున్నగునవి పెద్దవారు చేసినచో నేరములు కావు. పిల్లలు చేసినచో న్యాయస్థానము విచారింపవచ్చును. 1973లో ప్రకటించిన వ్యాసమునందు మెడా చెస్నీ-లిండ్, కుటుంబ న్యాయస్థానము బాలికల నేరముకంటె స్త్రీకి తగిన నడవడిగా సంఘము భావించుదానినే తూచుచున్నదని వాదించిరి. ఇట్టి పిల్లలను నిర్బంధగృహములలో నుంచరాదను నియమమును 1974 నాటి అమెరికా సమాఖ్య చట్టము రాష్ట్రములకిచ్చు ధనసహాయమునకు షరతుగా చేర్చినది.

ఈ తూకము తెలుగు భాషలోను కలదు. పిల్లవాడు 'చెడిపోయినాడు' అన్న జూదమో, త్రాగుడో, సోమరితనమో స్ఫురించును. ఆడపిల్ల 'చెడిపోయినది' అన్న ముందుగా స్ఫురించునది శీలమే. 'దారి తప్పినది' అను మాటకును ఇదియే గతి. దొంగతనపు ఆరోపణపై వచ్చిన బాలికను గూర్చి ఈ మాటలు వాడినచో, ఎవ్వరును విచారింపని మరియొక నేరమును ఆమెపై మోపినట్లగును. ఆరోపణ వీగిపోయినను ఆ మాట ఆమెను విడువదు.

2015 నాటి చట్టము బాలల వ్యవహారములందు నిందాసూచకములైన పదములను వాడరాదని ఒక మూలసూత్రమునే విధించినది. అదే చట్టము 16 ఏండ్లు నిండినవారిపై ఘోరనేరారోపణ యున్నచో, ప్రాథమిక పరిశీలనానంతరము వారిని పెద్దలవలె విచారించుటకును వీలు కల్పించినది. ఈ నియమము బాలికకును వర్తించును. ఒకప్పుడు ఆమెకు ప్రత్యేకముగా లభించిన ఆ రెండేండ్లే ఇప్పుడు మరల వివాదాంశమైనవి. ఇట్టి తరుణమున పదముల యెంపిక చిన్న విషయము కాదు.

తెలుగు పత్రికలలో తరచు కనబడు 'బాలనేరస్థురాలు' అను పదము ఈ పరీక్షకు నిలువదు. 1960 చట్టములోని పదము నేరము చేసినట్లు తేలిన పిల్లలకే వర్తించెడిది. 2015 చట్టములోని నిర్వచనము ఆరోపణ మాత్రమే యున్నవారినిగూడ చేర్చుకొన్నది. విచారణకు ముందు 'నేరారోపణకు గురియైన బాలిక', తరువాత 'నేరము చేసినట్లు నిర్ణయింపబడిన బాలిక', ఏ ఆరోపణయు లేనిచోట 'రక్షణ అవసరమైన బాలిక' అని మూడు స్థితులను వేరుగా చెప్పుట యుక్తము. మొదటి రెండింటిని బాలన్యాయ మండలియు, మూడవదానిని బాలల సంక్షేమ సమితియు చూచును గనుక ఈ భేదము చట్టమునందును కలదు. ఉమ్మడిగా చెప్పవలసినచోట 'బాలురు' అనక 'బాలలు' అనవలెను. లేనిచో 1897 నాటి నిర్వచనమువలె నేటి అనువాదమును బాలికను వెలుపలనే నిలుపును.